బుడమేరు కాలం మళ్ళీ వస్తోంది: ఇంట్లో సర్దేది ఎవరు, డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పేది ఎవరు?

పాయకాపురం ఇల్లాలు | జూన్ 8, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈ సాయంత్రం మా ఇంట్లో జరిగిన మాటలు నిద్రపట్టనివ్వడం లేదు, అందుకే రాస్తున్నాను.

మాది విజయవాడ. పోయినేడు, 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు మా మీదికి వచ్చిన రోజు. ముందురోజంతా కుండపోత. తెల్లవారుజామున లేచి బాత్రూంలోకి వెళ్తే లెట్రిన్ పాన్‌లోంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి. వీధి అప్పటికి ఇంకా పొడిగానే ఉంది. మా ఆయన్ని లేపాను. ఆయన చూసి, బండి ఫ్లైఓవర్ మీద పెట్టి వస్తానని వెళ్లారు. తిరిగి వచ్చేసరికి నడుంలోతు నీళ్లు. ఈలోపు బియ్యం డబ్బా, గ్యాస్ బండ, అత్తయ్య షుగర్ మందులు, పిల్లల పుస్తకాలు, కాగితాల సంచి అన్నీ నేనూ మా పెద్దపాపా అటక మీదికి ఎక్కించాం. మంచం, బీరువా, కుట్టుమిషను వదిలేశాం.

ఆరు రోజులు పైవాటా వాళ్లింట్లో ఉన్నాం. నాలుగు కుటుంబాలు, ఒక్క బాత్రూం. కింద ట్యాంకు మునిగిపోయింది కాబట్టి అదీ పనిచేయలేదు. మగవాళ్లు ఏదోలా కానిచ్చేవారు. మేం ఆడవాళ్లం చీకటి పడేదాకా ఆగేవాళ్లం. ఆగాలి కాబట్టి నీళ్లు తాగడం తగ్గించాం. డ్రోన్‌తో వేసిన నీళ్ల సీసాలు పక్కనే ఉన్నా తాగలేదు. ఆ తర్వాత మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఇరవై రోజులు బాధపడ్డాను. ఇది ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

వరద సాయం 25 వేలు పరుపులకీ ఫ్రిజ్ రిపేరుకీ అప్పుడే అయిపోయింది. ఇప్పుడు డ్వాక్రా గ్రూపులో నా పేరున లక్ష రూపాయల లోన్ వచ్చింది. గేటు దగ్గర ఎత్తుగా దిమ్మె కట్టి బండికి షెడ్డు వేద్దామని ఆయన అంటున్నారు. బాత్రూం ఎత్తు చేసి, మురుగు వెనక్కి రాకుండా ఏదైనా బిగిద్దామని నేనంటున్నాను. "బండి పోతే సంపాదన పోతుంది" అన్నారు. ఆ మాటా నిజమే. కానీ లోన్ కట్టేది నేను. వరద వస్తే ఆ బాత్రూం కడిగేదీ నేనే.

మీ ఇళ్లలో ఇలాంటివి ఎలా తేల్చుకున్నారు? ఆ మురుగు ఆపడానికి ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్తారా?

---

రామవరప్పాడు రింగ్ | జూన్ 8, రాత్రి 11:02

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ దీన్ని ఆడ మగ విషయంగా చూడటం నాకు సరిగ్గా అనిపించలేదు. వరద ఎవరినీ అడిగి రాదు. ఆ వారం మా వీధిలో గొంతులోతు నీళ్లలో పాల ప్యాకెట్ల కోసం నడిచి వెళ్లింది మగపిల్లలే. పడవ ఎక్కించే దగ్గర ఆడవాళ్లనీ పిల్లల్నీ ముందు పంపించి, రెండు రాత్రులు మేడల మీద ఉండిపోయిందీ మగవాళ్లే. కరెంటు స్తంభం పక్కనుంచి వెళ్తూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం.

బండి సంగతి కూడా మీ ఆయన చెప్పిందే కరెక్టు అనుకుంటున్నాను. బండి ఉంటే ఇల్లు మళ్లీ నిలబడుతుంది.

---

పంప్‌హౌస్ | జూన్ 9, ఉదయం 6:40

నేను మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముందు ఆ అమ్మాయి అడిగిన దానికి జవాబు చెప్తాను.

వీధి మురుగు లైను నిండినప్పుడు ఆ నీళ్లకు దొరికే అతి తక్కువ ఎత్తులోని రంధ్రం మీ లెట్రిన్ పాన్. అందుకే వీధి పొడిగా ఉండగానే మీ ఇంట్లోకి వచ్చింది. ఇంటి పైపు వీధి చాంబరులో కలిసే చోటికి ముందు, మీ ఆవరణలోనే చిన్న చాంబరు కట్టించి నాన్ రిటర్న్ వాల్వు బిగించండి. నీళ్లు బయటికి పోతాయి, లోపలికి రావు. రెండు జాగ్రత్తలు. గుడ్డలు, ప్యాడ్లు, జుట్టు చిక్కుకుంటే అది మూసుకోదు, కాబట్టి మూత తీసి కడగడానికి వీలుగా కట్టించాలి, వానాకాలం ముందు ఒకసారి తీసి చూడాలి. రెండోది, వరదలో వాల్వు మూసుకున్నాక మీ నీళ్లు కూడా బయటికి పోవు, అప్పుడు వాడకం బాగా తగ్గించాలి. వీలైతే పాన్‌ను రెండు మెట్లు ఎత్తు చేయించండి. డబ్బు సర్దుబాటు కాకపోతే ఒక గట్టి ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి పెట్టుకోండి. బుడబుడ మొదలవగానే పాన్‌లో దించి పైన బరువు పెడితే కొంత ఆగుతుంది.

ఇక బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు ఇది. వెలగలేరు దగ్గర గేట్లు పెట్టి వరదను మళ్లింపు కాలువలోంచి కృష్ణలోకి పంపుతాం. పోయినేడు ఆ కృష్ణే నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. నది తీసుకోలేదు, మళ్లింపు కాలువ గట్టు మూడు చోట్ల తెగింది, నీళ్లు ఊరి ఉత్తర భాగం మీదికి వచ్చాయి. 2005లోనూ సింగ్‌నగర్ మునిగింది, మర్చిపోయాం.

ఇంకో మాట చెప్పాలి. నా ఉద్యోగంలో వీధిలో నీటిమట్టం ఎన్నోసార్లు కొలిచాం. ఏ వీధిలో ఎవరింట్లో లెట్రిన్ ముందు పొంగింది అని ఒక్కసారి కూడా అడగలేదు. సర్వేకి వెళ్తే గుమ్మంలో మగవాళ్లతో మాట్లాడి వచ్చేవాళ్లం. ఈ అమ్మాయి తెల్లవారుజామున చూసింది వీధిలో నీళ్లు కనిపించడానికి ముందు దొరికిన హెచ్చరిక. అలాంటివి యాభై ఇళ్ల నుంచి వచ్చి ఉంటే ఎన్ని సామాన్లు పైకెక్కేవో. ఇది ఇవాళ చదివేదాకా నాకు తట్టలేదు.

---

ఆశ అక్క | జూన్ 9, మధ్యాహ్నం 2:20

రామవరప్పాడు అన్నయ్యా, మగపిల్లలు చేసింది నేనూ కళ్లారా చూశాను. ఎవరూ కాదనరు. ఎవరెక్కువ కష్టపడ్డారని కాదు ఇక్కడ మాట. ఎవరికి ఏం కావాలో ఎవరు చెప్పగలిగారు అనేదే.

నేను ఆశ కార్యకర్తను. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఎన్నో నెల, ఎప్పుడు పురుడు, ఎవరు బాలింత, ఎవరికి బీపీ మాత్రలు, ఎవరు ఇన్సులిన్ వేసుకుంటారు, ఎవరు మంచం దిగలేరు, అన్నీ రాసి ఉంటాయి. వరద రోజు ఆ పుస్తకం రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి జాకెట్టులో పెట్టుకున్నాను. రెండో రోజు పడవ వచ్చింది. పడవ మీద ఉన్న పిల్లలకు మా వీధులు తెలియవు, కేకలు వినబడిన చోటికి వెళ్తున్నారు. కేక పెట్టగలిగినవాళ్లు మేడ అంచున నిలబడ్డవాళ్లు. తొమ్మిదో నెల గర్భిణి లోపల గదిలో ఉంది, ఆమె కేక పెట్టదు. నేను పుస్తకం తీసి ఇంటి గుర్తులు చెప్పాను. అలా ముగ్గుర్ని ముందు తీసుకొచ్చారు. మిగతా వీధుల్లో ఏమైందో నాకు తెలుసు, రాయలేను.

వరద కమిటీలు, మ్యాపులు అంటారు. మ్యాపులో లోతట్టు ప్రాంతం ఉంటుంది. ఆ లోతట్టులో ఎవరున్నారో ఆశల దగ్గరా అంగన్‌వాడీ టీచర్ల దగ్గరా ఉంటుంది. మమ్మల్ని మీటింగుకు పిలిస్తే టీ ఇవ్వడానికీ ఫొటోకీ పిలుస్తారు.

ఇంకోటి, నీళ్లు తాగకుండా ఆగడం మీ ఒక్కరి సంగతి కాదమ్మా. ఆ నెల నేను చూసిన ఆడవాళ్లలో సగం మందికి పైగా అదే బాధ. అడిగితేనే చెప్పారు. నెలసరి గుడ్డలు ఆరేసుకోవడానికి చోటు లేక తడివే వాడినవాళ్లు ఉన్నారు. సాయం సంచిలో బిస్కెట్లు ఉన్నాయి, కొవ్వొత్తులు ఉన్నాయి. ప్యాడ్లు మా వీధికి ఐదో రోజు వచ్చాయి.

---

పాతబస్తీ దర్జీ | జూన్ 9, రాత్రి 9:30

నేను హైదరాబాద్ నుంచి. 2020 అక్టోబరు 13 రాత్రి మా బస్తీలోకి చెరువు నీళ్లు వచ్చాయి. బేగంపేటలోనే 24 గంటల్లో 19 సెంటీమీటర్ల వాన అన్నారు, మా వైపు చెరువు కట్టలు తెగాయి. ఆ రాత్రి నా మోటారు మిషను, పెళ్లి ఆర్డర్ల బట్టలు తొమ్మిది జతలు బురదలో పోయాయి.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు మా అబ్బాను అడిగారు, "ఇంట్లో పనిచేసేది ఎవరు?" మా తమ్ముడు అని చెప్పారు. నిజానికి అద్దె కట్టేది నా మిషనే. కానీ అది "ఇంటి సామాను" కింద వెళ్లింది. తోపుడుబండి పోతే వ్యాపారం పోయినట్టు రాస్తారు. ఇంట్లో మిషను పోతే బొచ్చెలు పోయినట్టు రాస్తారు. బట్టలిచ్చినవాళ్లకు డబ్బు కట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

వరద ఎప్పుడో వస్తుంది. ఎండ ప్రతి ఏడూ వస్తుంది. మాది సిమెంటు రేకుల ఇల్లు. ఏప్రిల్, మేలో పదకొండు నుంచి నాలుగు దాకా గదిలో కూర్చుంటే చేతి చెమటకు సూది జారిపోతుంది, తెల్లబట్ట మీద మరక పడుతుంది. ఆ టైంలో మగవాళ్లు మసీదు చల్లదనంలోనో చెట్టు కిందో కూర్చుంటారు. రాత్రి పైకెక్కి పడుకుంటారు. మేం ఆడవాళ్లం పైకి పోము, చుట్టూ మేడలు, అందరి కళ్లూ. కిందే, పొయ్యి ఆర్పిన గదిలోనే పడుకుంటాం. వార్తల్లో "రాత్రి ఉష్ణోగ్రతలు పెరిగాయి" అంటే నాకు ఆ గది గుర్తొస్తుంది.

రేకుల మీద గోనెసంచులు పరిచి తడపమని చాలామంది చెప్తారు. బాగానే చల్లబడుతుంది. కానీ రోజుకు పది బిందెలు పైకి మోసేది ఎవరు? మాకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి.

---

టైంటేబుల్ | జూన్ 10, ఉదయం 8:05

నేను నగర ప్రణాళికలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పైన రాసినవి చదివాక రెండు మూడు లెక్కలు చెప్పాలనిపించింది.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైం యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. మామూలు రోజుల సంగతి ఇది. నీళ్లు రాని రోజు, కరెంటు పోయిన రోజు, బురద కడగాల్సిన వారం ఆ పని ఎంత పెరిగిందో కొలిచే సర్వే ఏదీ మన ఊళ్లలో నా కంటపడలేదు.

రెండోది ఫోన్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉందని చెప్పిన మహిళలు దాదాపు 49 శాతం. తెలంగాణలో 60. అప్పటికీ ఇప్పటికీ పెరిగే ఉంటుంది. కానీ హెచ్చరికలన్నీ ఫోన్‌కే పంపుతున్నాం. పగటిపూట ఆ ఫోన్ ఆయన జేబులో ఉంటుంది, నీళ్లు వచ్చే ఇంట్లో ఉండేది ఆమె.

రామవరప్పాడు గారి మాటలో ఉన్న నిజం కూడా చెప్పాలి. 2015 ఎండలకు ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. బయట ఎండలో పనిచేసే కూలీలు, వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. ఇంటికి తిండి తేవాల్సింది తానే అన్న భారం మగవాణ్ణి మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద ఉంచుతుంది. ఇంటి పరువు అన్న భారం ఆడదాన్ని రాత్రి రేకుల గదిలో ఉంచుతుంది. మొదటిది రోడ్డు మీద పడిపోతే వడదెబ్బ అని రాస్తారు. రెండోది ఇంట్లో నెమ్మదిగా జరుగుతుంది, ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు.

---

ఆటో స్టాండ్ | జూన్ 10, మధ్యాహ్నం 1:45

టైంటేబుల్ గారు రాసింది చదివి ఆటో పక్కకు ఆపి రాస్తున్నాను. పోయిన మేలో పటమట దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. పక్క ఆటో అన్న మజ్జిగ తాగించాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్తే మధ్యాహ్నం బండి తీయొద్దంటుంది, తీయకపోతే కిస్తీ ఎలా కట్టను.

వరద రోజు నేను ఆటోను కాపాడుకోవడానికి వెళ్లాను. ఇంటికి వచ్చాక నా భార్య ఒక కవరు ఇచ్చింది. అందులో ఆధార్లు, రేషన్ కార్డు, ఆటో ఆర్సీ, ఇన్సూరెన్సు, పిల్లల టీసీలు అన్నీ ఉన్నాయి. ఆర్సీ ఎక్కడుందో నాకే తెలియదు. అది లేకపోతే ఆటోకి వచ్చిన 10 వేల సాయం నాకు వచ్చేది కాదు. ఆ డబ్బు నా ఖాతాలో పడింది. నా ఆటో అని నేను తీసుకున్నాను. ఆమెకు ఒక్క చీర కూడా కొనలేదు. ఇవాళ ఇక్కడ ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

చెల్లెమ్మా, మీ ఆయనకు నా మాటగా చెప్పండి. బండిని ఫ్లైఓవర్ మీద పెట్టుకోవచ్చు. బాత్రూంను ఎక్కడికీ తీసుకెళ్లలేం.

---

కృష్ణలంక కట్ట | జూన్ 10, సాయంత్రం 5:10

నేను పుట్టిందీ మెట్టిందీ కృష్ణలంకే. 2009లో నది పొంగినప్పుడు మా అమ్మ, పిన్ని, నేను సామాను మోసుకుంటూ కట్ట ఎక్కాం. చిన్నప్పటి నుంచి ఆగస్టు వస్తే మా ఇంట్లో ఆడవాళ్ల పని మారిపోయేది. పచ్చళ్ల జాడీలు పైన పెట్టడం, పిడకలు, కట్టెలు పైకి చేర్చడం, బట్టల మూటలు కట్టి సిద్ధంగా ఉంచడం. నది రాకపోయినా ఆ పని ఆగేది కాదు.

తర్వాత నది వెంబడి రిటైనింగ్ వాల్ కట్టారు. పోయినేడు అంతకంటే పెద్ద వరద వచ్చింది, మా వీధుల్లో చాలావరకు ఇళ్లు నిలిచాయి. మా అమ్మ మొదటిసారి మూట కట్టకుండా నిద్రపోయింది. అందుకే చెప్తున్నాను, ఇల్లాలు అటక సర్దుకుంటే చాలదు. గోడ కట్టడం, కాలువ గట్టు బాగుచేయడం సర్కారు పని. అది జరగని ప్రతి ఏడూ ఆ లోటును ఎవరో ఒక ఆడమనిషి నడుము పూడుస్తోంది. ఇంటింటా ఎత్తు పెంచుకోమని చెప్పడం మొదలుపెడితే డబ్బున్న ఇల్లు ఎత్తవుతుంది, పక్క రేకుల ఇంట్లోకి ఇంకా ఎక్కువ నీళ్లు వెళ్తాయి.

---

పంప్‌హౌస్ | జూన్ 10, సాయంత్రం 6:30

కట్ట గారూ, మీరు చెప్పిన చివరి మాట ఇంజినీరింగ్ ప్రకారం కూడా నిజం. ఒకరు ఎత్తు పెంచితే నీరు పక్కకు మళ్లుతుంది. మా వీధిలో అదే జరిగింది. గోడ ఎక్కడ కడతారో ఎక్కడ కట్టరో కూడా చూడాలి. పోయినేడు వరదప్పుడు బుడమేరుకు అలాంటి రక్షణ లేదు.

---

బీచ్‌రోడ్ టీచర్ | జూన్ 10, రాత్రి 9:55

విశాఖ నుంచి రాస్తున్నాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మా ఊరిని తాకింది. మాది నాలుగో అంతస్తు. కరెంటు చాలా రోజులు లేదు, లిఫ్టు లేదు, మోటారు లేదు. మా వారు జనరేటర్ అద్దెకు దొరుకుతుందేమోనని తిరిగేవారు. కింద ట్యాంకర్ దగ్గర నుంచి నీళ్లు మోసింది నేను, ఇంకా మా ఇంట్లో పనిచేసే అమ్మాయి.

ఆ అమ్మాయి గురించే రాయాలని వచ్చాను. తుఫాను వెళ్లిన మూడో రోజు ఆమె నడుచుకుంటూ వచ్చింది. నేను సంతోషపడ్డాను, గిన్నెలన్నీ పేరుకుపోయి ఉన్నాయి. పని అంతా చేసి వెళ్లేటప్పుడు, "అమ్మగారూ, ఒక పాత టార్పాలిన్ ఉంటే ఇస్తారా?" అంది. అప్పుడు తెలిసింది, వాళ్ల రేకులన్నీ ఎగిరిపోయాయని, ఇద్దరు పిల్లల్ని తడిగోడ పక్కన కూర్చోబెట్టి వచ్చిందని. జీతం కోస్తానేమోనని భయపడి వచ్చిందట. నేను ఆ రెండు రోజులు కోసేదాన్ని కాదు. కానీ కోయనని ముందే ఎప్పుడూ చెప్పలేదు.

మనలాంటి ఇళ్లు ఆపదలో త్వరగా తేరుకుంటున్నాయంటే, ఇంకో ఇంటి ఆడమనిషి తన ఇల్లు వదిలి మన ఇంటికి రావడమే కారణం. అప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఒక మాట పెట్టుకున్నాం. తుఫాను, వరద హెచ్చరిక ఉన్న రోజులకు పనివాళ్లకు జీతంతో సెలవు. అందరూ ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది.

---

వాంబే అద్దె గది | జూన్ 11, ఉదయం 7:20

నేను ట్రాన్స్ మహిళను. వరదలో శిబిరానికి వెళ్తే ఆడవాళ్లకో గది, మగవాళ్లకో గది. ఆడవాళ్ల గదిలోకి రావద్దన్నారు, మగవాళ్ల గదిలో పడుకోలేను. రెండు రాత్రులు వరండాలో కూర్చున్నాను. ఆధార్‌లో పాత పేరు ఉంది, అద్దె కాగితం లేదు. సాయం నమోదులో నా పేరు రాలేదు. పక్కింటి అత్త తన సంచిలోంచి సగం బియ్యం ఇచ్చింది. మీరు మాట్లాడుకునే జాబితాల్లో మమ్మల్నీ రాయండి.

---

ఆశ అక్క | జూన్ 11, ఉదయం 7:48

తల్లీ, మీ వీధి నా పరిధిలోది కాదు కానీ అక్కడి ఆశ నాకు తెలుసు. ఇవాళే మాట్లాడతాను.

---

నిర్వాహకులు | జూన్ 11, ఉదయం 9:00

ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు ఇక్కడ పెట్టొద్దు. వ్యక్తిగత సందేశంలో పంపుకోండి. రెండు పోస్టుల్లోంచి నంబర్లు తీసేశాం.

---

పాతబస్తీ దర్జీ | జూన్ 11, మధ్యాహ్నం 12:30

మొన్న రాసిన నా రేకుల ఇంటి సంగతికి ఇంకొంచెం. తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. ఎండను వెనక్కి కొట్టే తెల్ల రంగో టైల్సో వేయాలి అని. కానీ ఇళ్ల విషయంలో 600 గజాలు దాటితేనే తప్పనిసరి. మాది నలభై గజాలు, మా లాంటివాళ్లకు మీ ఇష్టం అన్నారు. ఏసీ ఉన్న ఇంటికి తప్పనిసరి, రేకుల కింద మిషను తొక్కే ఇంటికి ఇష్టం.

పోయిన మార్చిలో నేను, ఇంకో నలుగురు ఆడవాళ్లం చిట్టీ డబ్బుతో తెల్ల రంగు కొని మేమే వేసుకున్నాం. ముందు రేకులు కడిగి, పగుళ్లు పూసి, రెండు కోట్లు. ఇంటాయనలు ముందు నవ్వారు, తర్వాత ఒక చాచా నిచ్చెన పట్టుకున్నాడు. గది చల్లని గది కాలేదు, కానీ మధ్యాహ్నం మిషను దగ్గర ఇంకో గంటన్నర కూర్చోగలిగాను. ఆ గంటన్నరలో ఒక జాకెట్టు అవుతుంది. రోజుకో జాకెట్టు అంటే రంగు ఖర్చు ఒక్క వేసవిలోనే తిరిగి వచ్చింది. దుమ్ము పడితే తెలుపు తగ్గుతుంది, ప్రతి ఏడూ కడగాలి.

---

టైంటేబుల్ | జూన్ 11, సాయంత్రం 4:15

దర్జీ గారూ, మీరు చేసింది చదివి చాలా సంతోషమైంది. అహ్మదాబాద్‌లో మహిళా హౌసింగ్ ట్రస్ట్ 1994 నుంచి బస్తీల ఆడవాళ్లతో ఇళ్ల పనే చేస్తోంది. అక్కడా ఇలాగే ఆడవాళ్లే తెల్ల రంగు వేసి, తమ గదుల్లో వేడి ఎంత తగ్గిందో చూసుకున్నారు. అదే ఊళ్లో పుట్టిన 'సేవా' అనే మహిళా కార్మిక సంఘం అసంఘటిత కార్మిక మహిళలకు ఎండ బీమా పెట్టింది. ఉష్ణోగ్రత ముందే అనుకున్న గీత దాటితే చాలు, ఆసుపత్రి బిల్లులు, నష్టం రుజువులు అడగకుండా డబ్బు నేరుగా ఆమె ఖాతాలో పడుతుంది. 2024 వేసవిలో 46 వేల మందికి పైగా మహిళలకు అలా డబ్బు అందింది. మొత్తం చిన్నదే. కానీ మిట్టమధ్యాహ్నం పని ఆపి నీడకు వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఆమె చేతికి వస్తుంది. మన డ్వాక్రా, మెప్మా (పట్టణ పేదల కోసం సర్కారు పెట్టిన సంస్థ) సంఘాలకు పొదుపు లెక్కలూ బ్యాంకు ఖాతాలూ ఉన్నాయి. ఇలాంటిది ఇక్కడ పెట్టడానికి కావాల్సినదంతా ఉంది.

ఆంధ్రలో 2020 డిసెంబరు నుంచి ఇళ్ల స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. అది మంచి పనే. కానీ పట్టా ఆమె పేరున, లోన్ ఆమె పేరున ఉండి, ఏం కట్టాలో చెప్పేది ఆయనే అయితే, అప్పు మాత్రమే ఆమెది అవుతుంది. మొదటి పోస్టులో ఉన్నది సరిగ్గా ఇదే.

---

రామవరప్పాడు రింగ్ | జూన్ 11, రాత్రి 10:20

మొదటి రోజు నేను రాసిన దాని మీద మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. మగవాళ్లు పడ్డ కష్టం గురించి రాసింది వెనక్కి తీసుకోను, అది జరిగిన నిజం. కానీ బండి సంగతి మీ ఆయనదే కరెక్టు అన్నాను చూడండి, అది తొందరపడి అన్నాను.

మా కాలనీ వాట్సాప్ గ్రూపు తీసి చూశాను. 71 మంది. అందరూ మగవాళ్లే. వరద హెచ్చరికలు, మోటారు టైములు, కాలువ పూడిక ఫొటోలు అన్నీ అందులోనే వస్తాయి. మీటింగు రాత్రి ఎనిమిదింటికి పెడతాం. ఆ టైంలో ఏ ఇంట్లోనైనా ఆడవాళ్లు స్టవ్ దగ్గర ఉంటారు. రావద్దని మేం ఎవరినీ అనలేదు. రాగలిగే టైం కూడా పెట్టలేదు. ఇంటికి ఇద్దరి నంబర్లు పెడదామని ఇవాళ గ్రూపులో రాశాను. ముగ్గురు సరే అన్నారు, ఒకాయన "ఎందుకు అనవసరంగా గొడవ" అన్నారు, మిగతావాళ్లు ఏమీ అనలేదు.

మా ఆవిడను కూడా అడిగాను, మన ఇంట్లో వరదకు ముందు ఏం చేయాలి అని. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఇలాంటిది అడగడం ఇదే మొదటిసారని ఆవిడే గుర్తుచేసింది. ఆవిడ చెప్పిన మొదటి మాట, వాటర్ సంపు మూత. బురదనీళ్లు అందులోకి వెళ్లి నెలరోజులు తాను పక్క వీధి నుంచి నీళ్లు మోశానని చెప్పింది. నాకు గుర్తే లేదు.

---

పంప్‌హౌస్ | జూన్ 12, ఉదయం 6:15

సంపు మూత చుట్టూ అర అడుగు గట్టు కట్టించి, రబ్బరు వాషరు ఉన్న మూత పెట్టండి. మునిగిన సంపును వాడే ముందు నీళ్లన్నీ తోడి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పౌడర్‌తో కడగాలి. అదేమీ పెద్ద ఖర్చు కాదు.

---

పాయకాపురం ఇల్లాలు | జూన్ 15, రాత్రి 9:10

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అందరివీ రెండేసి సార్లు చదివాను. ఆటో అన్నయ్య రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ ఆరు రోజులు నువ్వు నీళ్లు తాగలేదా?" అని అడిగారు. ఆ ఇన్ఫెక్షన్ సంగతి అప్పుడు చెప్పాను.

ఈ రోజు ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి మా వీధి ఆడవాళ్లం మా వరండాలో కూర్చున్నాం. పద్నాలుగు మంది వచ్చారు. మా ఆశ కార్యకర్త, మెప్మా తరఫున సంఘాలను చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) గారు కూడా వచ్చారు. ఎవరింట్లో లెట్రిన్ ముందు పొంగిందో అడిగితే, నలుగురు ఒకేసారి చేతులెత్తారు. ఆ నాలుగిళ్లూ వీధి చివర పల్లంలోవే. అక్కడ ఎవరు ముందు చూస్తే వాళ్లు మిగతావాళ్లకు ఫోన్ చేయాలి, ఫోన్ లేని ఇంటికి పక్కింటి పిల్లలు పరుగెత్తాలి అని రాసుకున్నాం. పైవాటా ఉన్న మూడిళ్లలో రెండు ఇళ్లవాళ్లు ఆడవాళ్లకు ఒక గది, ఒక బకెట్ లెట్రిన్ విడిగా పెట్టడానికి ఒప్పుకున్నారు. మూడో ఇంటాయన అడిగి చెప్తానన్నారు. వీధి వెనక అద్దెకుండే ఇద్దరు హిజ్రాల పేర్లు జాబితాలో రాయాలంటే ఒకావిడ కాసేపు గొణిగింది. రాశాం.

లోన్ డబ్బు గురించి ఇంకా పూర్తిగా తేలలేదు. బాత్రూం రెండు మెట్లు ఎత్తు చేయడం, వాల్వు బిగించడం ముందు, మిగిలితే బండి దిమ్మె అని అనుకున్నాం. షెడ్డు వచ్చే ఏడాదికి. మేస్త్రీ శనివారం వస్తానన్నాడు. పంప్‌హౌస్ బాబాయిగారూ, మీరు చెప్పిన చాంబరు కొలతలు కాగితం మీద గీసి పంపిస్తారా? మేస్త్రీ నాతో మాట్లాడకుండా మా ఆయన్నే అడుగుతున్నాడు. కాగితం నా చేతిలో ఉంటే నేనే నిలబడి కట్టిస్తాను.